ఎరేజ్ హెడ్ చాలా బాగుంది

2022 జులై మొదటి వారంలో నన్ను గుంటూరు కార్యాలయం నుంచి బాపట్లకు డిప్యుటేషన్ మీద పంపారు. బాపట్ల జిల్లా ఏర్పడి అప్పటికి మూడు నెలలు. నా హోదా సీనియర్ టెక్నికల్ అసిస్టెంట్, ధ్వని విభాగం. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. మా శాఖ పేరు ఇక్కడ అనవసరం. సభలకు మైకులు పెట్టడం, ఊళ్లలో జరిగే నాటకాలు, బుర్రకథలు, పల్లెపాటలు రికార్డు చేసి భద్రపరచడం మా పని. భద్రపరచడం అనే మాట మా ఉత్తర్వుల్లో ఇప్పటికీ ఉంది.

జిల్లా విడిపోయినప్పుడు కుర్చీలు, ఫైళ్లతో పాటు మూడు ఇనుప బీరువాల కేసెట్లు కూడా బాపట్ల వాటాకు వచ్చాయి. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించాలని పైనుంచి ఉత్తర్వు. ఎక్కించాలంటే ముందు కేసెట్ తిరగాలి, తిరగాలంటే డెక్ కావాలి. డెక్ అంటే టేప్ రికార్డరే. సొంత స్పీకర్లుండవు, శబ్దం మాత్రం చాలా శుభ్రంగా ఇస్తుంది. మా దగ్గర మిగిలిన ఒకే ఒక్క డెక్‌లో రబ్బరు బెల్టు కరిగి తారులా మోటారుకు అతుక్కుపోయి ఉంది.

మా అధికారి నాకంటే పాతికేళ్లు చిన్న. మర్యాదస్తుడే. కొత్తది కొనెయ్యండి మేడమ్ అన్నాడు. మన పనికి తగిన డెక్కులు ఇప్పుడు కొత్తవి తయారు కావడం లేదు సార్ అన్నాను. నమ్మలేదు. ఫోన్లో అరగంట వెతికి, అప్పుడు తలూపాడు. నాకు ఒళ్లు మండింది. నలభై ఏళ్లు ఇదే పని చేసిన మనిషి మాట కంటే ఆ ఫోను ఎక్కువైంది. అసలు ఒకప్పుడు మాకు మంచి డెక్కులు ఎన్నో ఉండేవి. పదేళ్ల కిందట కమిటీ వేసి, పనికిరానివని రాసి, తుక్కు కింద వేలం వేశారు. దీన్ని ఆఫీసు భాషలో కండెమ్నేషన్ అంటారు. ఆనాడు నేను వద్దని రాసిచ్చాను. ఆ కాగితం కూడా ఆ తుక్కుతోనే పోయి ఉంటుంది.

సర్కారు డబ్బుతో పాత సరుకు కొనడం మామూలు తలనొప్పి కాదు. మూడు కొటేషన్లు, వాటి పోలిక పట్టిక, కొనుగోలు కమిటీ ఆమోదం ఉండాలి. పాత డెక్ ఒకటే రకం మూడు కొట్లలో ఎక్కడ దొరుకుతుంది? చివరికి మా అధికారే ఒక దారి చెప్పాడు. సాంకేతిక సిబ్బంది స్వయంగా వెళ్లి, ఒక్కొక్క భాగాన్ని పరీక్షించి, సంతకంతో ధ్రువపత్రం ఇస్తే కమిటీ ఒప్పుకుంటుంది. ఆ పత్రం నమూనా నేనే తయారు చేశాను. మోటారు, బెల్టు, రోలర్, ప్లే హెడ్, రికార్డ్ హెడ్, ఎరేజ్ హెడ్. హెడ్ అంటే టేపును ఆనుకుని ఉండే చిన్న లోహపు ముక్క. ఒకటి చదువుతుంది, ఒకటి రాస్తుంది, ఒకటి పాతదాన్ని చెరుపుతుంది. ఒక్కోదాని ఎదురుగా నేను నా చేత్తో వ్యాఖ్య రాయాలి.

నా ఇల్లు తెనాలిలో. రోజూ రైల్లో బాపట్ల వెళ్లి వచ్చేదాన్ని. కనుక వేట తెనాలిలోనే మొదలుపెట్టాను. స్టేషన్ దగ్గరి సందుల్లో పాత సామాను అమ్మేవాళ్లు, మూలపడ్డ మైకు సెట్లు, బంగారంతో పాటు కుట్టుమిషన్లూ టీవీలూ పట్టే తాకట్టు కొట్లు. ఏ కొట్లోకి వెళ్లినా మొదటి ప్రశ్న ఒకటే.

"సార్ రాలేదాండి?"

"సార్‌ని నేనే. డెక్ తియ్యండి."

పాత సరుకు అమ్మేవాళ్ల మోసాలు చెప్పాలంటే ఒక పూట చాలదు. డెక్ ముందు వైపు పలకకు బూటు పాలిష్ రుద్దుతారు. ఒక కొట్లో నేను తాకగానే వేళ్లు నల్లబడ్డాయి, కొట్టతను దుమ్ము అన్నాడు. ఒక కంపెనీ పెట్టెలో ఇంకో కంపెనీ గుండె పెట్టి, పైన పేరు పలక అంటిస్తారు. మరలు గీసుకుపోయి ఉంటే లోపల ఎవడో చెయ్యి పెట్టాడని అర్థం. ఇక పాట వేసి చూపించమంటే డప్పులు దద్దరిల్లే పాట వేస్తారు. డప్పు మోతలో మోటారు వణుకు వినపడదు. మోటారు సరిగ్గా తిరుగుతోందా లేదా తెలియాలంటే సాగదీసిన స్వరం కావాలి. హార్మోనియం శ్రుతి గానీ, మనిషి గొంతు గానీ ఒకే స్వరం మీద నిలబడితే, చిన్న వణుకు కూడా చెవికి దొరికిపోతుంది. నేనలా అడిగితే మొహాలు చిట్లించేవాళ్లు. ఈవిడెవరో తెలిసినావిడే అని గొణుక్కునేవాళ్లు. పది రోజులు తిరిగాను. నా సంచిలో స్పిరిట్ సీసా, దూది పుల్లలు, స్క్రూడ్రైవర్, హెడ్‌ఫోన్, ఒక మైకు, సెల్లోటేపు చుట్ట ఉండేవి. ఖాళీ కేసెట్ ఉండేది కాదు. ఆ సంగతి గుర్తుంచుకోండి.

తెనాలిలో ఏమీ కుదరలేదు. కొల్లిపరలో మైకు సెట్ మానేసిన ఒక పెద్దాయన, రేపల్లెలో ఒక తాకట్టు కొట్టుందని, అక్కడ మూడు హెడ్ల డెక్ చూశానని చెప్పాడు. ఆగస్టులో ఒక ఉదయం తెనాలి నుంచి రేపల్లె పాసింజరెక్కాను.

కొట్టాయన పేరు వెంకటప్పయ్య. డెబ్బై దగ్గర వయసు, నవ్వు ముఖం. వెనక గదిలో ఫ్యాన్లు, నీళ్ల మోటార్లు, కుట్టుమిషన్ల మధ్య ఆ డెక్ ఉంది. చూడగానే నా కోపమంతా దిగిపోయింది. మరల మీద ఒక్క గీత లేదు. ఎవరో బట్ట కప్పి వాడుకున్న వస్తువు. ఎవరిదని అడిగాను. పెనుమూడివాళ్లదండి, గడువైపోయింది, ఇహ రారండి వాళ్లు అన్నాడు. అయితే అమ్మొచ్చా అంటే, మీరు పట్టుకెళ్లండమ్మా, నాదీ పూచీ అన్నాడు. తాకట్టు చీటీ చూపించమని అడగాలి. అడగలేదు.

లోపల ఒక కేసెట్ ఉంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని ప్లే నొక్కాను. ఎవరో మగమనిషి రంగస్థలం పద్యం పాడుతున్నాడు. పాదం చివర రాగం ఎత్తుకుని, ఊపిరి అంతు చూసేదాకా నిలబెట్టాడు. సరిగ్గా నాక్కావలసింది అదే. ఒక నిమిషం పాటు కళ్లు మూసుకుని విన్నాను. విన్నది ఆ పద్యాన్నీ కాదు, ఆ మనిషినీ కాదు. మోటారును విన్నాను. వణుకు లేదు. 'మోటారు: బాగుంది' అని రాసుకున్నాను.

తర్వాత రికార్డింగ్ పరీక్ష. మా వృత్తిలో ఇది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. మిషన్లో ఏ కేసెట్ ఉంటే దాని మీదే 'హలో, ఒకటి, రెండు' అని రికార్డు చేసి వెనక్కి తిప్పి వింటాం. ఏ కొట్లోనైనా మిషన్లో ఉండేది డొక్కు కేసెట్టే, దానికి ఏమైనా పరవాలేదు. నలభై ఏళ్లుగా మెకానిక్కులం, మైకు సెట్ల వాళ్లం అందరం చేసింది ఇదే.

రికార్డు మీట దిగలేదు. కేసెట్ బయటికి తీసి చూశాను. వెనక అంచున మూల ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచి ఉంది. కేసెట్ వాడిన వాళ్లందరికీ ఇది తెలుసు. దీని మీద ఇంకేమీ ఎక్కించకూడదు అనుకుంటే ఆ ముక్క విరిచేస్తాం. అప్పుడు మిషన్ ఒప్పుకోదు. ఆ గుంట మీద సెల్లోటేపు అంటిస్తే మళ్లీ ఒప్పుకుంటుంది. ఇది కూడా అందరికీ తెలుసు. నా సంచిలో సెల్లోటేపు ఉన్నది అందుకే.

వేలెడు ముక్క చించి అంటించాను. మైకులో మాట్లాడాను. తర్వాత అసలు పరీక్ష. ఎరేజ్ హెడ్ సత్తా తెలియాలంటే, మంచి గట్టి శబ్దం ఉన్నచోట మైకు సున్నాకు తిప్పి నిశ్శబ్దాన్ని రికార్డు చెయ్యాలి. తర్వాత వింటే, పాత గొంతు లీలగా కూడా వినపడకూడదు. ఒక నిమిషం చాలు. ఈలోగా వెంకటప్పయ్య టీ తెప్పించాడు. మిషన్ తిరుగుతూనే ఉంది. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, అప్పుడు ఆపాను. వెనక్కి తిప్పి విన్నాను. ఏమీ లేదు. చిన్న గుసగుస కూడా లేదు. కేసెట్‌ను మొదటికి తిప్పి, లోపలే ఉంచి, పత్రంలో రాశాను: 'ఎరేజ్ హెడ్: చాలా బాగుంది.' కింద సంతకం, తేదీ. మిగతా వాటికి బాగుంది అనే రాశాను. చాలా అన్న మాట దానికొక్కదానికే దక్కింది.

ఆమోదం రావడానికి పన్నెండు రోజులు పట్టింది. ఈ పన్నెండు రోజులూ ఎవరెవరి మీద మండిపడ్డానో రాస్తే ఇంకో వ్యాసమవుతుంది. మంజూరు కాగితం పట్టుకుని రేపల్లె వెళ్లేసరికి కొట్లో ఇద్దరున్నారు. ఒకావిడ, పేరు సామ్రాజ్యం. పక్కన ఆవిడ భర్త కోటేశ్వరరావు గారు, మనిషి నిలువెత్తు, మెడకు తెల్లటి పలచని బట్ట చుట్టి ఉంది. ఆయన మాట్లాడటం లేదు. ఆవిడే మాట్లాడుతోంది.

"మిషన్ ఇప్పుడే ఇవ్వమనట్లేదు బాబాయ్ గారూ. లోపలున్న కేసెట్టు ఒక్కటి ఇయ్యండి, సాలు."

"డెక్కుతో వచ్చింది డెక్కుతోనే పోద్దమ్మా. ఇడిపిచ్చుకున్నప్పుడు రెండూ తీసుకెళ్లండి."

"చీటీలో డెక్కనే రాశారు గదండీ. కేసెట్టని రాయలేదుగా."

ఆవిడ చేతిలోని చీటీ నేను అందుకుని చదివాను. గడువు ఇంకా నెలన్నర ఉంది. ఇంకా వాళ్ల సొత్తే అయిన వస్తువును ఈ పెద్దమనిషి నాకు అమ్మజూపాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. పది రోజుల తెనాలి బూటు పాలిష్, సార్ రాలేదా అన్న ప్రతి నోరు, మా అధికారి ఫోను, అన్నీ కలిసి ఆ ముసలాయన మీద పడ్డాయి.

"గడువుండగానే అమ్మేస్తున్నారా? ఒకరి సొత్తు ఇంకొకరికి అంటగట్టడానికి సిగ్గనిపించలేదా మీకు? పోలీస్ స్టేషన్ రెండడుగుల్లో ఉంది, వెళ్దామా? ముందు ఆవిడ కేసెట్ ఆవిడకియ్యండి!"

రోడ్డు మీద వెళ్లేవాళ్లు ఆగారు. నేను గొంతు తగ్గించలేదు. నిజం చెప్పాలంటే ఆ నాలుగు నిమిషాలూ నాకు ఎంతో హాయిగా ఉంది. న్యాయం నా పక్షాన ఉందన్న ధీమా. వెంకటప్పయ్య వెనక గదిలోంచి డెక్ మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. సామ్రాజ్యం నా చెయ్యి పట్టుకుంది.

"మీ కడుపు సల్లగుండ అమ్మా. ఆయన గొంతు కేన్సరని తీసేసి పదకొండు నెల్లయింది. ఆస్పత్రి హడావుడిలో మిషన్ తెచ్చి ఈడ పెట్టాం, లోపల ఇదుందన్న మాటే మరిసిపోయాం. ఈయన పద్యాలున్న కేసెట్టు ఇదొక్కటేనండి. మా మనవరాలు ఆపరేషనైనాకే పుట్టింది. తాతకి గొంతుండేదని దానికెట్టా తెలుస్తది?"

ఆవిడ ఆ మాట అంటుండగా కోటేశ్వరరావు గారు డెక్ మూత తెరిచి కేసెట్ బయటికి తీశారు. దాన్ని తిప్పి, మూల మీద బొటనవేలితో రుద్దారు. అక్కడ సెల్లోటేపు ముక్క మెరిసింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. అప్పటిదాకా నిజంగా గుర్తులేదు. అది తప్పించుకోవడానికి చెప్పే మాట కాదు, అదే అసలు తప్పు. ఒక మనిషి గొంతును నిమిషం పాటు విని, దాని మీద మరో గొంతు ఎక్కించి, టీ తాగి, మరిచిపోయాను. ఆ క్షణంలో కూడా చెప్పేయడానికి వీలుంది. దానికి బదులు ఇంటికెళ్లి వినండి అనబోయాను, ఆ సిగ్గుమాలిన మాట పెదవి దాకా వచ్చింది. ఈలోగా ఆయన కేసెట్‌ను డెక్‌లో పెట్టి, కొట్లోని స్పీకర్లకు తీగ కలపమని వెంకటప్పయ్యకు సైగ చేశారు.

పద్యం మొదలైంది. కొట్లో గోడలు నిండిపోయాయి. హెడ్‌ఫోన్లో నేను విన్నది ఇంత గొంతు కాదు. రాగం ఎత్తుకుని, నిలబెట్టి, తర్వాతి పాదంలోకి దిగుతుండగా టక్కుమని చప్పుడు. తర్వాత ఒక ఆడ గొంతు, ఉద్యోగస్తుల గొంతు.

'హలో, హలో. ఒకటి, రెండు, మూడు. రేపల్లె. ఎరేజ్ టెస్ట్.'

తర్వాత నిశ్శబ్దం. ఎవరూ ఆపలేదు. స్పీకర్లలో ఏమీ లేదు. ఒక టీ తాగేంత సేపు ఏమీ లేదు. ఆయన స్పీకరు వైపే చూస్తూ నిలబడ్డారు. తర్వాత మళ్లీ టక్కుమంది. ఆయన గొంతు ఒక మాట మధ్యలోంచి పైకి వచ్చింది. అది వేరే పద్యం, అదీ చివరి పాదం.

"ఇదెవరి గొంతండి?" అంది సామ్రాజ్యం. అడుగుతూనే నా వైపు తిరిగింది, అప్పటికే తెలిసిపోయింది.

కోటేశ్వరరావు గారు జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీసి, రెండు మాటలు రాసి నా ముందు పెట్టారు. 'ముక్క అంటించిందెవరు?'

"నేనేనండి."

"ఆ మూల ఆయనే ఇరిసిపెట్టుకున్నాడు. ఎవురూ సెరపకూడదని. సదూకున్నోరు, ఆఫీసరు, అది ఇరిసుంటే ఏంటో మీకు తెలీదాండి?"

"తెలుసమ్మా."

"తెలిసే సేశారా?"

తెలియకపోతే అంటించలేను. తెలిసింది కనుకే అంటించాను. వెంకటప్పయ్య అప్పుడు నెమ్మదిగా, నా మొహం చూడకుండా ఒక్క మాటన్నాడు.

"నేను అమ్మబోయానండి, నిజమే. సెరపలేదు."

ఆ మాటకు నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. అయితే అప్పటికి అది ఎవరి మీదకి వెళ్లాలో దానికి తెలిసింది.

టేపు మీద ఒకసారి చెరిపింది తిరిగి రాదు. నా ధ్రువపత్రంలో ఉన్నట్టు, ఆ హెడ్ చాలా బాగుంది. నేను చేయగలిగింది ఒకటే మిగిలింది. మా బీరువాల్లో ఆయన గొంతు ఎక్కడైనా ఉందేమో వెతకడం. నాటక పోటీలు మా వాళ్లు రికార్డు చేసేవాళ్లు కదా. రిజిస్టర్లన్నీ దించాను. నాలుగో రోజున దొరికింది. రేపల్లె, పద్య పోటీలు, కోటేశ్వరరావు, పెనుమూడి. ఆ వరుస మీద ఎర్ర సిరాతో అడ్డగీత ఉంది. పక్కన 'టేపు తిరిగి వాడబడినది' అని రాసి ఉంది. బీరువాలోంచి కేసెట్ తీసి, మా ఇంట్లోని చిన్న టేప్ రికార్డర్లో వేసి విన్నాను. కాలవల్లో పూడిక తీత గురించి ఎవరో అధికారి కాగితం చూసి చదువుతున్నాడు. రెండు వైపులా అదే.

ఆ రాత నాది కాదు. అయినా నాకు ఊరట కలగలేదు. రిజిస్టర్ తిరగేస్తే పేజీకి రెండు మూడు ఎర్రగీతలు. భద్రపరచడానికి జీతాలు తీసుకున్న మేమంతా టేపును పొదుపు చేశాం. గొంతులు ఎక్కడికి పోతాయి, రేపు ఇంకొకడు పాడతాడు అనుకున్నాం. చెరిపినవాడి పేరు మా రిజిస్టర్‌లో ఎక్కడా ఉండదు. 'వాడబడినది' అని రాస్తే సరిపోతుంది, ఎవడు వాడాడో చెప్పనక్కర్లేదు. ఈ భాష కనిపెట్టినవాణ్ణి నిలబెట్టి అడగాలని ఉంది.

ఫైల్లో కొనుగోలు రద్దుకు కారణం రాయాల్సి వచ్చింది. సాంకేతికంగా తగదు అని రాసేయండి మేడమ్, ఎవరూ అడగరు అన్నాడు మా అధికారి. డెక్‌లో లోపం లేదని, తాకట్టు గడువు తీరలేదని, చీటీ చూడకుండా పరీక్షకు ఒప్పుకున్నది నేనని, పరీక్షలో ఒకరి కేసెట్ నా చేతుల మీదుగా చెడిపోయిందని రాశాను. 'చెడిపోయింది' కొట్టేసి 'చెరిపాను' అని దిద్దాను. సంజాయిషీ అడిగారు, ఇచ్చాను. డెక్ తర్వాత వాళ్లే విడిపించుకున్నారు. మా ఆఫీసుకు కొల్లిపర పెద్దాయన దాచుకున్న డెక్ కొన్నాం.

కోటేశ్వరరావు గారి కేసెట్‌ను ఆఫీసులో ఆ కొల్లిపర డెక్ మీదే నేను కంప్యూటర్లోకి ఎక్కించాను. వాళ్లు నమ్మి ఇవ్వలేదు. సామ్రాజ్యం కేసెట్ వదలకుండా పక్కనే కూర్చుంది, మూల మీది సెల్లోటేపు తనే గోటితో గీకి తీసేసింది. ఎక్కించడం అయ్యాక, నా గొంతూ ఆ నిశ్శబ్దమూ కత్తిరించి, ముందూ వెనకా అతికిస్తానని, అతుకు తెలియకుండా చేస్తానని చెప్పాను. నా వృత్తిలో అది చిటికెలో పని. ఆవిడతో వచ్చిన కోటేశ్వరరావు గారు తల అడ్డంగా ఊపి, నోటు పుస్తకంలో రాశారు.

'కత్తిరించొద్దు. ఎంత పోయిందో తెలియాలి.'

అలాగే ఉంచాను. ఆ ఫైలులో ఐదు నిమిషాల నలభై సెకన్లు నావి.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్న రెండేళ్లూ, రిటైరయ్యాక కూడా, ఎక్కడ పాత మిషన్ చూడటానికి వెళ్లినా నా సంచిలో ఖాళీ కేసెట్ ఒకటి ఉంటుంది. సెల్లోటేపు ఉండదు. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు నేను చెప్పేది రెండే మాటలు. మిషన్లో ఉన్న కేసెట్ ముందు బయటికి తీసి, దాని సొంతదారుకు ఇవ్వండి. మూల విరిచి ఉంటే, ఒక మనిషి వద్దన్నాడని అర్థం, ఆ మనిషి మీ ఎదురుగా లేకపోయినా సరే.